ఉప్పు, బొగ్గు, ఒక బిందె నీళ్ళు

ఫిషింగ్ హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో నా మొదటి వేసవి.
కరెంటంటే తీగలో పారే నీళ్ళనుకునేదాన్ని.
మరి తీగ కోస్తే కారదేం అని అడిగితే
నూకన్న మేస్త్రి నవ్వలేదు.
సాయంత్రం జాలరిపేట ఒడ్డుకి తీసుకెళ్ళి
అలివి వల లాగేవాళ్ళ వరసలో నిలబెట్టాడు.

"మోకు పట్టుకోయే గుంటా.
ముందరోడు లాగీసరికి
ఎనకోడి అరచేతికి తెలిసిపోతాది.
మోకు జరిగింది మాత్రం మూరెడే.
ఎలక్ట్రాన్లంటారు చూడు,
అవి చీమకంటే నెమ్మది.
తొందరంతా లాగుడిది."

అరచెయ్యి ఒరుసుకుపోయి మండింది. చూపించాను.
"అదే రెసిస్టెన్సు. రాసుకున్నకాడ కాలతాది.
కావాలని కాలిస్తే హీటరు.
జాయింటు వదులైతే
కొంప."

జెట్టీకి కట్టిన బోటు కేసి గడ్డం ఎత్తాడు.
మన లైన్లో కరెంటూ అంతేనట,
సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ,
ఉన్నచోటే ఊగుతుందట.
ఎక్కడికీ పోనిది
ఇంత నీటిని రాయిగా ఎలా చేస్తుందో
ఆ రాత్రంతా ఆలోచించాను.

స్విచ్చు ఆపడమంటే కరెంటుని చంపడం కాదు,
వలయంలో చిటికెడు గాలిని నిలబెట్టడం.
ఇది ఆయన చెప్పలేదు,
విప్పిన స్విచ్చులోకి చూస్తూ నేనే అనుకున్నాను.

అమ్మవారి పండక్కి కట్టిన సీరియల్ సెట్టులో
ఒక్క బల్బు కన్ను మూస్తే నలభై మూశాయి.
పేటలో ఇళ్ళు అలా కాదు, ఎవరి దీపం వాళ్ళదే.
కానీ అందరి బరువూ మోసేది
స్తంభం మీద ఒక్క ఫ్యూజు తీగ.
దాని స్థానంలో సిగరెట్ పెట్టె వెండికాగితం
చుట్టిన కుర్రాణ్ణి
మేస్త్రి చెంప మీద కొట్టాడు.
ఆయన చెయ్యెత్తగా మళ్ళీ చూడలేదు.

నాకు టెస్టరు కొనిచ్చాడు.
ఎర్రచుక్క వెలగ్గానే మురిసిపోతుంటే
"అది నీలోంచే ఎలిగింది" అన్నాడు.
నా వేలు, నా ఒళ్ళు, నా అరికాళ్ళు,
వాటి కింద విశాఖపట్నం,
అంతా ఆ వలయంలో ఒక ముక్క.
టెస్టరు జేబులో పెట్టేసి
కాసేపు ఎవర్నీ ముట్టుకోలేదు.

ఇక్కడ సముద్రం ఊరికే ఉండదు.
గాలినిండా ఉప్పు. ఇన్సులేటర్ల మీద తెల్లపొర,
మంచు దిగిన వేకువల్లో చిటపట నీలిరవ్వలు.
టెర్మినళ్ళకి పచ్చటి చిలుము.
గుడ్డతో తుడుస్తూ ఉప్పుని తిట్టని రోజు లేదు.

ఆ ఉప్పే గోనెడు తెమ్మన్నాడు మే నెలలో.
షెడ్డు వెనక నిలువులోతు గొయ్యి.
అడుగున రాగిపలక,
ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు,
మళ్ళీ బొగ్గు.

"దారి తప్పిన కరెంటు ఎలాగూ భూమిలోకే పోతాది.
మడిసి ఒంటికంటే సులువైన దారి
మనమే సూపించాల."

పారమీద చెయ్యానించి
తమ్ముడు పోలిగాడి సంగతి చెప్పాడు.
ఐస్ క్రషరు. తడినేల. వట్టికాళ్ళు.
అప్పుడీ గొయ్యి లేదు.

మేస్త్రి ఇప్పుడు లేడు.
ఎండిన మట్టి దారి ఇవ్వదని
వేసవంతా పొద్దున్నే బిందెడు నీళ్ళు పోస్తాను.
చూసేవాళ్ళు
మొక్కలేని చోట ఈ నీళ్ళేమిటంటారు.

మొన్న క్రషర్ మోటారులో
పాతతీగ ఒలిచి బాడీకి తగిలింది.
ఠప్పున ఫ్యూజు పోయింది.
ఐసు దిమ్మ తోస్తూ ఎర్రమ్మ
తడిచెయ్యి దానిమీదే వేసి ఉంది.
"ఎప్పుడూ ఇదే గోల, పోయింది కరెంటు" అని విసుక్కుని
చెంగుతో మొహం తుడుచుకుంది.

ఏమీ అనలేదు నేను.
బిందె తీసుకుని
షెడ్డు వెనక్కి నడిచాను.